తిరుగు వందనం

మా టూరు వాట్సాప్ గ్రూపు ఇంకా బతికే ఉంది. నాలుగేళ్ళ క్రితం ఏలూరు నుంచి ముప్పై ఎనిమిది మందిమి కలిసి టర్కీ వెళ్ళొచ్చాం, బైబిల్లో ఉత్తరాలందుకున్న ఏడు సంఘాల ఊళ్ళు చూడ్డానికి. వచ్చాక ఎవరి దారిన వాళ్ళం పడ్డాం గానీ గ్రూపు మాత్రం ఎవరూ మూయలేదు. పొద్దున్నే గులాబీ పువ్వు మీద వాక్యం, పండక్కి కేకు బొమ్మ, మధ్యలో ఎవరో ఒకరు మోకాళ్ళ నొప్పికి చిట్కా. నేను చూడకుండానే చెరిపేస్తుంటాను. మొన్న శుక్రవారం అలాగే చెరిపేయబోతుంటే వేలు ఆగిపోయింది. "మన వందనాలమ్మ గారు ప్రభువు నందు నిద్రించారు. ఆదివారం మధ్యాహ్నం వారి ఊళ్ళో ఆదరణ కూడిక" అని ఉంది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనేమీ పెట్టలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకెళ్ళానో తెలీక మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

వందనాలమ్మ ఆవిడ పేరు కాదు. అసలు పేరు నాకు తెలుసు, విమానాశ్రయాల్లో ఆవిడ ఫారాలన్నీ నేనే నింపాను. కానీ ఏలూరులో బస్సెక్కిన పావుగంటలో జనం ఈ పేరు ఖాయం చేసేశారు, అది అలాగే ఉండిపోయింది. నేను మామ్మగారూ అనేదాన్ని.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. తాడేపల్లిగూడెంలో హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యాను. పుట్టుకతో క్రిస్టియన్నే గానీ భక్తి విషయంలో మా ఇంట్లో నేనే ఉలిపికట్టెని. చర్చిలో నాది ఆఖరి బెంచీ, అదీ గుమ్మం వైపు చివర, ప్రసంగం సాగితే జారుకోవడానికి వీలుగా. ఆ టూరుకి వెళ్ళింది కూడా పాత రాళ్ళ మీద మోజుతోనే. ఇన్నేళ్ళూ పిల్లలకి మ్యాపు మీద బెత్తంతో చూపించిన ఊళ్ళు ఒక్కసారి కళ్ళారా చూద్దామని. నాతో రావలసిన మా అక్క సరిగ్గా వారం ముందు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. దాంతో గదిలో నాకు జోడీగా ఈవిణ్ణి వేశారు. కలిదిండి అవతల చేపల చెరువుల మధ్య ఉన్న చిన్న పేట ఆవిడది. డెబ్భై దాటాయి. ఆవిడ దగ్గర సండే స్కూల్లో పాటలు నేర్చుకున్న పిల్ల ఒకతె కువైట్‌లో నర్సు, ఆ పిల్ల టిక్కెట్టు కొని పంపింది. లిస్టు చూడగానే నాకు ఒళ్ళు మండింది. తొమ్మిది రోజులు ఎవరో ముసలావిడ మాత్రలూ గురకా నా పాలబడ్డాయే అనుకున్నాను. తీరా చూస్తే గురక నాదేనట, మూడో రోజున మెల్లిగా చెప్పింది.

ఆ మొదటి పొద్దు నాకు ఇప్పటికీ కళ్ళక్కట్టినట్టుంది. ఏలూరు చర్చి ఆవరణలో బస్సు బయల్దేరబోతోంది. సీట్ల కోసం, కిటికీల కోసం ఒకటే గొడవ. ఈవిడ మెట్లెక్కి వచ్చి, డ్రైవరు పక్కన మా అందరి వైపూ తిరిగి నిలబడింది. తెల్లచీర కొంగు తల మీదకి లాక్కుంది, గొంతు సవరించుకుంది. "మా సంఘం పెద్దలూ, స్త్రీల సమాజం, సండే స్కూలు పిల్లలూ మీ అందరికీ వందనాలు చెప్పమన్నారండి" అంది.

అని ఊరుకుంటే బానే ఉండేది. ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు. చేతులు కట్టుకుని అలాగే చూస్తోంది. ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. ఒకాయన ఇబ్బందిగా దగ్గాడు. చివరికి టూరు నడిపే పాస్టరు గారికి వెలిగి, "మా వందనాలు కూడా మీ సంఘానికి చెప్పండమ్మా" అన్నారు. "ఆయ్, చెబుతానండి" అని, అప్పుడొచ్చి నా పక్కన కూర్చుంది.

పల్లెటూరి చర్చిలు ఎరిగున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరు ఆరాధనకి వెళ్తే లేచి నిలబడి తమ సంఘం తరపున వందనాలు చెప్పాలి. వాళ్ళు తిరుగు వందనం ఇస్తారు. దాన్ని తెచ్చి, మరుసటి ఆదివారం సొంత సంఘంలో ఒప్పజెప్పాలి. పట్నాల్లో మేమది ఎప్పుడో మానేశాం. ఆవిడకి మాత్రం అది మాటవరసకి చెప్పేది కాదు, చేతిలో పెట్టి పంపిన వస్తువు. "దారిలో పారేసుకోకూడదండి, ఇచ్చినవాళ్ళకి మాటొచ్చేస్తుంది" అనేది. అవతలివాళ్ళు తిరుగు వందనం ఇవ్వకపోతేనో అని అడిగాను, ఏడిపిద్దామని. ఆవిడ నిజంగానే తెల్లబోయింది. "ఇవ్వకపోవడం ఏంటండీ? భోజనానికి పిలిచి విస్తరెయ్యకుండా పంపించేస్తారా ఎవరన్నా?"

సంఘం అంతటికీ కలిపి ఒక వందనం కాక, విడిగా ఇంటింటి వందనాలు కూడా తెచ్చింది. పేట మొదటింటి నుంచి చివరింటి దాకా, వరస తప్పకుండా, పేరుపేరునా. రోజూ పొద్దున్నే జడల్లుకుంటూ ఆ పేర్లన్నీ ఒకసారి మననం చేసుకునేది. మంచం మీద కూర్చుని టీ తాగుతూ వినీ వినీ నాకూ సగం వచ్చేశాయి. కాగితం మీద రాసిస్తానంటే ఒప్పుకోలేదు. "రాస్తే కాగితం చెప్పినట్టుంటుందండి, మా వాళ్ళు చెప్పినట్టుండదు" అంది.

ఇంకో అలవాటుండేది. ఎక్కడ నీళ్ళు కనపడితే అక్కడ వేలు ముంచి నాలిక మీద పెట్టుకోవడం. విమానాశ్రయం కొళాయి, హోటల్ జగ్గు, రోడ్డుపక్క ఫౌంటెను, దేన్నీ వదల్లేదు. వాళ్ళ ఊరి చుట్టూ పొలాలు పోయి చెరువులొచ్చాక బావుల్లో ఉప్పు తేలిందట, తాగే నీళ్ళు టిన్నుల్లో వస్తాయట. "ఇయ్యి మంచివేనండి" అనో, "కొంచెం తేడాగా ఉన్నాయండి" అనో ప్రతిచోటా తీర్పు చెప్పేది. లవొదికయ దగ్గర వేడినీళ్ళ బుగ్గలుంటాయి. వేడిగానూ లేరు, చల్లగానూ లేరని ఆ ఉత్తరంలో అక్కడి సంఘానికి పెద్ద చీవాట్లు పడ్డాయి కదా, పాస్టరు గారు ఆ నీళ్ళ పక్కనే నిలబడి గోరువెచ్చని భక్తి గురించి గంట ప్రసంగం చేశారు. ఆయన ఆమెన్ అనేసరికి ఈవిడ చీర కుచ్చిళ్ళెత్తి పట్టుకుని మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉంది. "అంతలా తిట్టారు గానీండి, కాళ్ళ నొప్పులకి ఎంత హాయిగా ఉన్నాయో!" అంది. ఆయన మొహం చూడాలి ఆ క్షణంలో.

కానీ లవొదికయ రెండో మజిలీ. అంతకు ముందే ఎఫెసులో నేనొక పాపం చేశాను, అది చెప్పాలి.

ఎఫెసులో ఒక పాత చర్చి ఉంది. చర్చి అంటే, కప్పు లేదు, సగం గోడలు, గుమ్మం ఉన్నచోట రెండు రాతి స్తంభాలు. మా వాళ్ళందరూ బూట్లతో, సెల్ఫీ కర్రలతో బిలబిలమంటూ లోపలికి వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళాను. వెనక్కి చూస్తే ఈవిడ ఆ లేని గుమ్మం ముందు ఆగి చెప్పులు విప్పుతోంది. విప్పి, జత సరిచేసి పక్కకి పెట్టి, మాడిపోతున్న రాళ్ళ మీద వట్టి కాళ్ళతో లోపలికొచ్చింది. ఆ ఒక్క జత చెప్పులూ బయట ఉండడంతో లోపల ఉన్న మా బూట్లు మాకే అసహ్యంగా కనపడ్డాయి. ఒకరిద్దరు వెనక్కెళ్ళి విప్పొచ్చారు కూడా. మా గైడు అరవైకి దగ్గర పడ్డ టర్కీ ఆయన, బక్కపల్చటి మనిషి, గడగడా ఇంగ్లీషు మాట్లాడతాడు. ఆవిడ ఎందుకలా చేసిందని నన్నడిగాడు. మా ఊళ్ళలో అంతేనని చెప్పాను. "మేమూ మసీదు బయట విప్పుతాం. ఇన్నేళ్ళలో ఇక్కడ విప్పినవాళ్ళని చూడ్డం ఇదే మొదలు" అన్నాడు.

ఆవిడ లోపలికొచ్చి నాలుగు వైపులా చూసింది. తర్వాత నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఏవండీ టీచరమ్మ గారూ, ఎవరూ కనపడరేంటండీ?"

"ఎవరు కనపడాలి?"

"సంఘంవాళ్ళండి."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఈ మనిషి బతికున్న సంఘాల్ని చూడ్డానికి బయల్దేరి వచ్చింది. ఎఫెసు సంఘం అంటే ఎఫెసులో ఉంటుంది, కలిదిండి సంఘం కలిదిండిలో ఉన్నట్టే. వాళ్ళకి వందనాలు తెచ్చింది. వాళ్ళ దగ్గర తిరుగు వందనం తీసుకెళ్ళాలి.

ఈలోగా ఆవిడే సర్దుకుంది. "పనుల్లోకెళ్ళుంటార్లెండి, బుధవారం కదా. మా ఊళ్ళోనూ అంతేనండి, పొద్దున్నే చెరువుల మీదకి పోతే దీపాలవేళకి గానీ రారు."

విడమరిచి చెప్పాల్సింది నేను. సర్వీసంతా పిల్లలకి చెప్పిన పాఠమే. కానీ ఎండ దంచేస్తోంది, నా సీసాలో నీళ్ళయిపోయాయి, అవతల పెద్ద గ్రంథాలయం గోడ ముందు ఫోటోలకి అందరూ పోగవుతున్నారు. "ఆఁ, అయ్యుండొచ్చు" అనేసి పరిగెత్తాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాలు చాలానే ఉన్నాయి, ఇంత పిరికిది ఇంకోటి లేదు.

లవొదికయలోనూ ఆవిడ చూసింది. వెతికి వెతికి మరీ చూసింది, రాళ్ళ మధ్య, చెట్ల కింద. అక్కడా ఎవరూ లేరు. ఈసారి నన్ను అడగలేదు. మర్నాడు పొద్దున ఫిలదెల్ఫియకి బస్సు బయల్దేరింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ద్రాక్షతోటలు చూస్తూ పేర్లు మననం చేసుకుంటోంది. సగంలో ఉండగా నేనిక పట్టలేకపోయాను.

"మామ్మగారూ, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. అక్కడ ఎవరూ ఉండరు. ఈ ఏడు చోట్లా మనం చూసేవన్నీ రాళ్ళే. ఆ సంఘాలు ఎప్పుడో పోయాయి."

"పోవడం అంటే?"

"భూకంపాలొచ్చాయి, యుద్ధాలొచ్చాయి. ఎఫెసుకి ఒకప్పుడు సముద్రం రేవుండేది, అది పూడిపోయింది, ఊరు ఖాళీ అయింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో కాలంలో. మిగిలినవాళ్ళు కూడా వందేళ్ళ క్రితం వదిలేసి వెళ్ళిపోయారు."

ఆవిడ పేర్లు చెప్పుకోవడం ఆపేసింది. చేతిలో ఉన్న జడ కొస అలాగే పట్టుకుంది.

"మరి మాకెవరూ చెప్పలేదేంటండీ?" అంది చివరికి. "వచ్చిన ప్రతి పాస్టరు గారూ ఆ ఉత్తరాలు చదువుతారండి. ఎఫెసు సంఘం ఇలాంటిది, సార్దీసు సంఘం అలాంటిది అని పొద్దుపోయేదాకా చెబుతారు. పోయారని ఒక్కరన్నా అనలేదండి."

నాకూ ఎవరూ చెప్పలేదు, నేను చదువుకుని తెలుసుకున్నాను. తెలుసుకుని ఏం చేశాను, పరీక్షల్లో ఖాళీలు పూరించమని ఇచ్చాను.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఒకప్పుడు వాళ్ళ చర్చిలో జనం పట్టక బయట చాపలేసుకుని కూర్చునేవాళ్ళట. పొలాలు చెరువులయ్యాయి, నాట్లు లేవు, కోతలు లేవు. చెరువుకి ఒక కాపలావాడు చాలు. జనం హైదరాబాదు పోయారు, బెంగుళూరు పోయారు. ఇప్పుడు ఆదివారం లెక్కెడితే పద్నాలుగు మంది, పాస్టరు గారొస్తే పదిహేను. ఆయన కూడా రెండువారాలకోసారి వస్తారు. "మా ఊరికి ఎవరూ రారండి. గట్టు మీద దారి, వానొస్తే ఆటో కూడా రాదు. ఎవరూ రాకపోతే వందనం ఎవరు తెస్తారండి? మా వాళ్ళు వేరే సంఘం వందనం విని ఎన్నేళ్ళయిందో. నేను బయల్దేరేటప్పుడు స్త్రీల సమాజంలో చెప్పొచ్చానండి, ఒక్కటి కాదు, ఏడు సంఘాల వందనాలు తెస్తానని. నేను తిరిగెళ్ళిన ఆదివారం వాళ్ళు ఎదురుచూస్తుంటారండి. నేనేం చెప్పాలి?"

నాకు జాలేసింది. జాలేస్తే నాకు నోటికి అడ్డుండదు. "చెప్పారని చెప్పెయ్యండి మామ్మగారూ. ఏడు సంఘాలవాళ్ళూ మీ సంఘానికి వందనాలు చెప్పారనండి. ఎవరు చూడొచ్చారు?"

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ తొమ్మిది రోజుల్లో ఆవిడకి కోపం రావడం ఒక్కసారే చూశాను. "లేనివాళ్ళ వందనం ఎలా తెస్తానండీ? ఆరాధనలో నిలబడి చెప్పేది! మీరు చదువుకున్నవాళ్ళు, మీరిలా అనొచ్చాండి?" అంది. తలకొట్టేసినట్టయింది నాకు. ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

ఫిలదెల్ఫియ ఇప్పుడు మామూలు ఊరు. ఇళ్ళ మధ్య ఒక సందులో ఇనప కంచె, దాని వెనకాల రెండు మూడు బ్రహ్మాండమైన ఇటుక స్తంభాలు, అంతే మిగిలింది. వాటి కింద పిల్లులు పడుకునున్నాయి. ఎదురు మేడ మీద ఒకావిడ బట్టలారేస్తోంది. పాస్టరు గారు జెండా ఎత్తి "ఇరవై నిమిషాలేనండి, ఇంకా సార్దీసు వెళ్ళాలి" అన్నారు.

ఈవిడ చెప్పులు విప్పింది. తిన్నగా స్తంభాల ముందుకి వెళ్ళి, కొంగు తల మీదకి లాక్కుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "మా సంఘం పెద్దలూ, స్త్రీల సమాజం, సండే స్కూలు పిల్లలూ మీ అందరికీ వందనాలు చెప్పమన్నారండి." తర్వాత పేట మొదటింటి నుంచి, వరసగా, ఒక్కొక్క పేరే. నిన్నటి దాకా దాచి ఉంచినవన్నీ అక్కడ పెట్టేసింది. మా వాళ్ళు ముందు నవ్వారు, ఫోన్లు పైకెత్తారు. నాలుగైదు పేర్లయ్యేసరికి ఫోన్లు దిగిపోయాయి. చివరిల్లు కూడా అయిపోయింది. అయిపోయాక ఏలూరులో బస్సులో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

ఎవరూ లేరని ఆవిడకి తెలుసు, పొద్దున్నే నేను చెప్పాను. తెలిసీ నిలబడింది. మర్యాద ప్రకారం అడగాల్సింది అడిగింది, ఇక ఇవ్వడం అవతలివాళ్ళ పని. ఆ నిలబడ్డం నేను చచ్చినా మర్చిపోను. పాస్టరు గారు వాచీ చూసుకుంటున్నారు గానీ పిలవడానికి ఆయనకీ నోరు రావడం లేదు.

గైడు నా పక్కకొచ్చి "ఏమంటోంది? ఎవరి కోసం చూస్తోంది?" అన్నాడు. చెప్పాను. వందనం సంగతి, తిరుగు వందనం సంగతి, పద్నాలుగు మంది సంగతి. ఆయన విని చేతిలో గొడుగు కింద పెట్టాడు. "సలాం చెబితే బదులు చెప్పకపోవడం మాలో తప్పు. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను, మా ఇల్లు పక్క వీధి. నా బదులు పనికొస్తుందేమో అడగండి."

అడిగాను. ఆవిడ నొసలు ముడేసింది.

"ఆయన మన సంఘం కాదు కదండి?"

"కాదు మామ్మగారూ. ముస్లిం."

"ఊరివాడేనా?"

"ఇక్కడే పుట్టాడట."

"మరి ఆ సంఘంవాళ్ళని వీళ్ళ పెద్దోళ్ళెవరన్నా ఎరుగుదురేమో అడగండి."

ఆయన తలూపాడు. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు పక్కింటివాళ్ళు ఆ సంఘంవాళ్ళేనట. ఒక పొద్దున బండ్లు కట్టుకుని అందరూ వెళ్ళిపోయారట. ఆ ఇంటి పిల్లతో కలిసి ఆడుకునేదట ఆవిడ, పోయేదాకా ఆ పిల్ల పేరు తలుచుకునేదట. నేను తెలుగులో చెబుతుంటే మామ్మగారి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "అయితే చెప్పమనండి" అంది.

ఆయన కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, తల వంచి, వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. రెండు మూడు మాటలు కాదు, చాలాసేపే మాట్లాడాడు. ఇంగ్లీషులో చెబుతాను అంటే ఆవిడ వద్దంది. "అందిందండి" అంది. ఎదురు మేడ మీదావిడ కూడా బట్టలారెయ్యడం ఆపేసి చూస్తోంది. ఈవిడ ఆవిడకి కూడా ఒక నమస్కారం పెట్టి, చెప్పులు తొడుక్కుంది.

బస్సులో పాస్టరు గారు ఊరుకోలేదు. "అమ్మా, అది సంఘం వందనం కిందకి రాదు సుమండీ" అన్నారు.

"రాదని నాకూ తెలుసండి. ఎవరిచ్చారో అలాగే చెబుతాను" అంది.

సార్దీసులో, తుయతైరలో, పెర్గములో ఆవిడ దిగింది, చెప్పులు విప్పింది, కాసేపు ప్రార్థన చేసుకుంది. ఎవరి కోసమూ వెతకలేదు. స్ముర్న ఇప్పుడు పెద్ద నగరం. అక్కడ ఇప్పటికీ చర్చిలున్నాయి, జనం ఉన్నారు అని గైడు చెబితే, అక్కడైనా దింపండి అని నేనే అడిగాను. టైం లేదన్నారు, విమానం అందదన్నారు. రాళ్ళ దగ్గర గంటలు గంటలు నిలబెట్టి, మనుషులున్న ఒక్క చోటా బస్సు ఆపలేదు మహానుభావులు! ఆ మంట నాకింకా చల్లారలేదు.

ఏలూరులో దిగాక నా చెయ్యి పట్టుకుంది. "ఆదివారం మీరు మా ఊరు రావాలండి. ఇదంతా నేనొక్కదాన్నే చెబితే ముసల్ది కలగన్నదనుకుంటారు. మీరు టీచరమ్మ గారు, మీరు చెబితే నమ్ముతారు. వస్తూ మీ సంఘం వందనం కూడా పట్టుకురండి, మా వాళ్ళకి రెండవుతాయి."

తప్పకుండా వస్తానన్నాను. వెళ్ళలేదు. మొదటి ఆదివారం ఒళ్ళు నొప్పులు. రెండో ఆదివారం భీమడోలులో పెళ్ళి. మూడో దానికి ఏం సాకు చెప్పానో నాకే గుర్తులేదు. శనివారం శనివారం ఆవిడ ఫోను చేసేది. "రేపొస్తున్నారాండి?" అనేది. లేదంటే, "పోన్లెండి, వచ్చే ఆదివారం రండి, తొందరేముంది" అనేది. ఒక్కసారి కూడా నిష్ఠూరమాడలేదు. కొన్నాళ్ళకి శనివారాలు ఆ నంబరు కనపడితే నేను ఎత్తడం మానేశాను. గూడెం నుంచి గణపవరం, అక్కణ్ణించి ఆకివీడు, అక్కణ్ణించి కలిదిండి ఆటో, ఎంత దూరమని? టర్కీ వెళ్ళొచ్చినదాన్ని! నిజం చెప్పాలంటే భయం. మా సంఘం తరపున అని లేచి నిలబడి చెప్పడానికి నాకే హక్కుంది? ఆ సంఘంలో గుమ్మం వైపు కూర్చునేదాన్ని. అబద్ధపు వందనం తేవద్దని నాకు చెప్పిన మనిషి ముందు అది ఎలా చెప్పను? అలా అనుకుంటూనే నాలుగేళ్ళు గడిపేశాను. ఆవిడ మీద బెంగ మాత్రం పోలేదు. పొద్దున టీ తాగుతుంటే ఆ పేర్ల వరస నా అంతట నాకే నోట్లో తిరిగేది, సగం దాకా వచ్చి ఆగిపోయేది. మిగతా సగం ఆవిడ దగ్గరుంది.

మొన్న ఆదివారం పొద్దున మా చర్చిలో ప్రకటనల వేళ లేచి నిలబడ్డాను. ఆఖరి బెంచీలోంచి గొంతొచ్చేసరికి జనం మెడలు తిప్పి చూశారు. కొల్లేరు వైపు ఒక చిన్న సంఘానికి వెళ్తున్నాను, మీ వందనాలు పంపుతారా అని అడిగాను. మా పాస్టరు గారు ఆశ్చర్యపోయి, "తప్పకుండా అమ్మా, అందరి తరపునా చెప్పండి" అన్నారు. ముందు వరసలో పెద్దావిడ ఒకరు "నాది విడిగా చెప్పమ్మా" అని పేరు చెప్పారు.

కలిదిండి దాటాక గట్టు దారి. రెండు వైపులా చెరువులు, నీళ్ళని చిలుకుతున్న మోటార్లు, మేత బస్తాల వాసన. చర్చి చిన్నది, సున్నం కొత్తగా వేశారు. గుమ్మం బయట చెప్పులు లెక్కపెట్టాను, ఉండబట్టలేక. పదమూడు జతలు. నావి పక్కన విప్పాను. లోపల అడుగు పెట్టీ పెట్టగానే ఒక పెద్దాయన, "మీరు గూడెం టీచరమ్మ గారు కదండీ?" అన్నాడు. ఎలా తెలుసంటే, "మీరే వస్తారని తెలుసండి" అన్నాడు.

కూడిక మొదలవక ముందు ఆయనే చెప్పాడు. ఆవిడ తిరిగొచ్చిన ఆదివారం ఉన్నదున్నట్టు చెప్పేసిందట, అక్కడెవరూ లేరు, రాళ్ళే ఉన్నాయి అని. "ఏడ్చామండి మేం. ఎన్నేళ్ళ నుంచో వాళ్ళ పేర్లు వింటున్నాం కదండి, మనోళ్ళే పోయినట్టనిపించింది. ఆ మంగళవారం వాళ్ళకి ఆదరణ కూడిక పెట్టుకున్నామండి. ఏడు పేర్లూ చదివి ప్రార్థన చేశాం. టీ, బిస్కెట్లు కూడా ఇచ్చాం." స్ముర్నలో జనం ఉన్నారండీ అని చెప్పబోయి ఊరుకున్నాను. గైడు గారిచ్చిన వందనం సంగతి కూడా చెప్పిందట, ఆయన ఫలానా అని దాచకుండా. అది విని అందరూ లేచి నిలబడ్డారట.

"ఇంకోటి ఉందని కూడా చెప్పిందండి. అప్పట్నుంచీ పాస్టరు గారొచ్చినప్పుడల్లా, వేరే సంఘాల వందనాలేమన్నా ఉన్నాయా అని అడుగుతారు కదండి, ఆవిడ అక్కడ కూర్చునే, ఒకటి దారిలో ఉందండి, అనేది. పోయిన నెల లేవలేని స్థితిలో మంచం మీద మోసుకొచ్చాం, అప్పుడు కూడా అదే మాట."

నాలుగేళ్ళు! నేను ఫోను ఎత్తకుండా ఇంట్లో కూర్చున్న నాలుగేళ్ళూ, నేను దారిలో ఉన్నానని ఆవిడ చెబుతూ వచ్చింది.

పాస్టరు గారు ప్రార్థన చేశారు, పాట పాడారు. ఆవిడ ఫోటో పెట్టలేదు, ఆవిడకి ఫోటోలు ఇష్టం లేదట. ఆ తర్వాత ఆయన ఎప్పటిలాగే అడిగారు, వేరే సంఘాల వందనాలేమైనా ఉన్నాయా అని. అందరూ ముందుకే చూస్తున్నారు, నన్ను ఇబ్బంది పెట్టకూడదని కాబోలు.

లేచాను. కొంగు తల మీదకి లాక్కున్నాను. "తాడేపల్లిగూడెం నుంచి మా సంఘం పెద్దలూ..." అని మొదలుపెట్టాను, అంతకు మించి సాగలేదు. ముప్పై ఏళ్ళు క్లాసులో అరిచిన గొంతు. "నేను చాలా ఆలస్యం చేశానండి. ఆవిడ ఉన్నప్పుడు తేవాల్సింది. ఇప్పుడు తెచ్చి ఎవరికి..." అని ఆగిపోయాను.

ముందు వరసలో ఆవిడ కోడలు కూర్చునుంది, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. లేచి నిలబడింది. ఆ అమ్మాయి లేచేసరికి మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచారు.

"పర్లేదండి, చెప్పండి. మేమింకా ఇక్కడే ఉన్నామండి" అంది.